బాక్టీరియా అయాన్ పంపులు: జన్యువు ముందే చెప్పినది, నిర్మాణం తర్వాత చూపినది

బాక్టీరియా కణం తన శక్తిలో పెద్ద భాగాన్ని పొరకు ఇరువైపులా ఉండే అయాన్ల (విద్యుదావేశమున్న పరమాణువుల) తేడా రూపంలో దాచుకుంటుంది. వెలుపల ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) ఎక్కువగా, లోపల తక్కువగా ఉన్నప్పుడు అవి లోపలికి చొచ్చుకు రావాలని చూస్తాయి. ఆ రాకను ఒక ఎంజైమ్ గుండా మళ్లిస్తే కణం తన శక్తి వాహక అణువైన ఏటీపీని తయారు చేసుకోగలదు, పోషకాలను లోపలికి లాక్కోగలదు, కశాభాన్ని తిప్పుకోగలదు. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ భావనను ప్రతిపాదించినప్పుడు జీవరసాయన శాస్త్రవేత్తలు చాలామంది దాన్ని అంగీకరించలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి వాదం ముగిసింది గానీ, అయాన్‌ను పొర దాటించే ఎంజైమ్‌లు నిజంగా ఎలా పనిచేస్తాయన్న ప్రశ్న అప్పటికీ తెరిచే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు దొరికిన క్రమాన్ని గమనించడం అవసరం. నేడు గడ్డకట్టించిన నమూనాలను ఎలక్ట్రాన్లతో చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ పరమాణువుల స్థాయి చిత్రాలను ఇస్తోంది కాబట్టి, నిర్మాణం చూడగానే పని తెలిసిపోతుందన్న అభిప్రాయం బలపడింది. అయాన్ పంపుల చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. ఏ అమైనో ఆమ్లం లేకపోతే పంపు ఆగిపోతుందో, ఏది ఎక్కడికి జరిగినా పని సాగుతుందో, ఏది మారితే అయాన్‌తో బంధం సడలుతుందో ఉత్పరివర్తనాలే (జన్యువుల్లో వచ్చే మార్పులే) ముందు చెప్పాయి. ఆ జవాబులు ఎందుకు నిజమయ్యాయో నిర్మాణాలు తర్వాత చూపాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ రెండోది లేకుండా నిలబడదు.

అన్నిటికంటే లోతుగా అధ్యయనం జరిగినది ఏటీపీ సింథేజ్. ఈ. కోలై బాక్టీరియాలో దీనికి ఎనిమిది రకాల ఉపభాగాలు ఉన్నాయి. పొరలో కాకుండా, కణం లోపలి కణద్రవం వైపున మూడు ఆల్ఫా, మూడు బీటా ప్రోటీన్లు వలయంగా కూర్చుంటాయి. వాటి మధ్యలో గామా అనే ఇరుసు ఉంటుంది. డెల్టా, ఎప్సిలాన్ ఒక్కొక్కటి. పొరలో ఒక ‘ఏ’ ఉపభాగం, రెండు ‘బీ’ ఉపభాగాలు, పది ‘సీ’ ఉపభాగాలతో ఏర్పడిన ఒక వలయం ఉంటాయి. ప్రోటాన్లు లోపలికి వచ్చేటప్పుడు సీ వలయం తిరుగుతుంది, దానితో పాటు గామా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు బీటా ప్రోటీన్లు ఆకారం మార్చుకుంటూ ఏటీపీని తయారు చేస్తాయి. ఒక పూర్తి చుట్టుకు మూడు ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ లేక శ్వాసక్రియ ఆగిపోయి, కణం కిణ్వన ప్రక్రియ మీద బతకాల్సి వచ్చినప్పుడు ఇదే యంత్రం వెనక్కి తిరుగుతుంది. ఏటీపీని ఖర్చు చేసి ప్రోటాన్లను బయటికి నెడుతుంది. అందుచేత దీన్ని తయారీ ఎంజైమ్ అనడం ఎంత సరైనదో, అయాన్ పంపు అనడమూ అంతే సరైనది.

ఈ యంత్రపు జన్యువులను మొదట గుర్తించినది దాని లోపాల ద్వారానే. 1971లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఫ్రాంక్ గిబ్సన్, గ్రేమ్ కాక్స్ బృందం గ్లూకోజ్ మీద పెరుగుతూ సక్సినేట్ మీద పెరగలేని ఈ. కోలై రకాన్ని వేరు చేసింది. గ్లూకోజ్ ఉన్నప్పుడు దాన్ని విడగొట్టే గ్లైకాలిసిస్ చర్య నేరుగా ఏటీపీని ఇస్తుంది. సక్సినేట్ మీద బతకాలంటే శ్వాసక్రియ నుంచి ఏటీపీ రాబట్టుకోక తప్పదు. ఆ ఉత్పరివర్తిత కణాల్లో శ్వాసక్రియ సాగుతూనే ఉంది, ఏటీపీ తయారీ మాత్రం లేదు. లోపం ఎలక్ట్రాన్ల రవాణాలో కాదు, దాని ఫలితాన్ని ఏటీపీగా మార్చే చోట ఉందని ఇంత సాదా పరీక్ష తేల్చేసింది. తర్వాతి దశాబ్దంలో జాన్ వాకర్ బృందం ఆ జన్యువుల వరుసను పూర్తిగా చదివింది. 1982లో ఆ బృందమే ఏటీపీని పట్టుకునే చాలా ప్రోటీన్లలో పదేపదే కనిపించే ఒక చిన్న అమైనో ఆమ్లాల వరుసను గుర్తించింది. అది నేటికీ వాకర్ మోటిఫ్‌గానే పిలవబడుతోంది.

ఎనిమిది ఉపభాగాల జన్యువులూ ఒకే ఆపెరాన్‌లో (కలిసి పనిచేసే జన్యువుల వరుసలో), ఒకే సందేశ ఆర్‌ఎన్‌ఏ మీద, వరుసగా ఉంటాయి. పొరలో ఉండే ‘ఏ’, ‘సీ’, ‘బీ’ల జన్యువులు ముందు. కణద్రవం వైపున ఉండే డెల్టా, ఆల్ఫా, గామా, బీటా, ఎప్సిలాన్‌ల జన్యువులు తర్వాత. ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే సందేశం నుంచి ‘ఏ’ ఉపభాగం ఒకటి, సీ ఉపభాగాలు పది, ఆల్ఫా మూడు, గామా ఒకటి ఎలా వస్తాయి? కణం అన్నిటినీ సమానంగా తయారు చేసి మిగిలినవి నాశనం చేస్తుందని ఊహించవచ్చు. వాస్తవం అది కాదు. సీ ఉపభాగపు జన్యువుకు ముందు సుమారు ముప్ఫై న్యూక్లియోటైడ్ల చిన్న ప్రాంతం ఉంది. అది ప్రోటీన్లను తయారు చేసే రైబోజోమ్‌లను బలంగా ఆకర్షిస్తుంది. 1980లలోనే దీన్ని కనుగొన్నారు. ఆ ముక్కను వేరే జన్యువుల ముందు చేర్చితే వాటి ప్రోటీన్ కూడా ఎక్కువగా తయారైంది. 2014లో రైబోజోమ్ ప్రొఫైలింగ్ పద్ధతితో ఈ. కోలై మొత్తం ప్రోటీన్ల తయారీ వేగాన్ని కొలిచినప్పుడు, ఏటీపీ సింథేజ్ ఉపభాగాలు యంత్రంలో ఎన్నెన్ని కావాలో దాదాపు అదే నిష్పత్తిలో తయారవుతున్నాయని తేలింది. యంత్రపు నిర్మాణంలోని లెక్క, జన్యువుల మధ్య ఖాళీల్లోని న్యూక్లియోటైడ్లలో ముందే రాసి ఉందన్న మాట. ప్రోటీన్ వరుసను మాత్రమే చూసి, జన్యువుల ముందు ఉండే ఆ చిన్న ప్రాంతాలను పట్టించుకోకపోతే ఈ విషయం ఎప్పటికీ కనబడదు.

నిష్పత్తి ఒక్కటే చాలదు, కూర్పు వరుస కూడా ముఖ్యమే. సీ వలయమూ ‘ఏ’ ఉపభాగమూ మిగిలినవాటి కంటే ముందే కలిసిపోతే పొరలో ప్రోటాన్లకు అదుపులేని దారి తెరుచుకుంటుంది. అది కణానికి ప్రాణాంతకం. ఈ. కోలైలో ‘ఏ’ ఉపభాగం కూర్పులో చివరి దశలో చేరుతుందని, దానికి డెల్టా ఉపభాగం ముందే చేరి ఉండడం అవసరమని ప్రయోగాలు చూపాయి.

ఇక అయాన్ నిజంగా నడిచే దారి. సీ ఉపభాగం చిన్నది. పొరను రెండుసార్లు దాటే రెండు హెలిక్స్‌లు (మెలికలు తిరిగిన భాగాలు) హెయిర్‌పిన్‌లా వంగి ఉంటాయి. రెండో హెలిక్స్ మధ్యలో, 61వ స్థానంలో, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది. డీసీసీడీ అనే రసాయనం సరిగ్గా దీనికే అతుక్కుని యంత్రాన్ని ఆపేస్తుంది. ఈ ఒక్క అమైనో ఆమ్లాన్ని ఆస్పరజిన్‌గానో గ్లైసిన్‌గానో మార్చినా ప్రోటాన్ రవాణా పోతుంది. ప్రోటాన్‌ను పట్టుకునే చోటు ఇదేనని అంతవరకు అర్థమైంది. కానీ 1990లో వచ్చిన మరో ఫలితం ఇంకా లోతైనది. ఆస్పార్టిక్ ఆమ్లాన్ని 61వ స్థానం నుంచి తీసేసి, మొదటి హెలిక్స్‌లో 24వ స్థానంలో పెట్టినప్పుడు కణాలు మళ్లీ సక్సినేట్ మీద పెరిగాయి, కొంత నెమ్మదిగానైనా సరే. వరుసలో ముప్ఫై ఏడు స్థానాల దూరంలో ఉన్న రెండు చోట్లు ఒకే పనికి పనికొస్తున్నాయంటే, మడతపడిన ప్రోటీన్‌లో అవి పక్కపక్కనే ఉన్నట్లే. నిర్మాణాలు వచ్చాక అదే నిజమని తేలింది.

‘ఏ’ ఉపభాగంలోనూ ఇదే కథ మరింత స్పష్టంగా జరిగింది. దాని 210వ స్థానంలోని ఆర్జినిన్ లేకపోతే యంత్రం పనిచేయదు. 1995లో కాన్‌బెర్రా బృందమే ఆ ఆర్జినిన్‌ను 252వ స్థానానికి మార్చి, అక్కడి గ్లుటమిన్‌ను 210వ స్థానంలో ఉంచితే పని కొంత మిగులుతుందని చూపింది. అంటే ఆర్జినిన్ ఏ హెలిక్స్ మీద ఉందన్నది కాదు, దాని ధన విద్యుదావేశం సీ వలయానికి ఎదురుగా ఎక్కడ నిలిచిందన్నదే అసలు విషయం. ‘ఏ’ ఉపభాగపు ఆకారం అప్పటికి ఎవరూ చూడలేదు. అందులోని హెలిక్స్‌లన్నీ పొరను నిటారుగా దాటుతాయనే అందరూ భావించేవారు. 2015 ప్రాంతంలో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాలు రెండు పొడవైన హెలిక్స్‌లు పొరలో దాదాపు అడ్డంగా, సీ వలయాన్ని ఆనుకుని వాలి ఉన్నాయని చూపినప్పుడు ఆ పాత ఊహ కూలిపోయింది. 210, 252 స్థానాల ఉత్పరివర్తన ఫలితం మాత్రం అలాగే నిలిచింది, ఎందుకంటే ఆ రెండు స్థానాలు పక్కపక్క హెలిక్స్‌లలో దగ్గరగానే ఉన్నాయి. ఈ. కోలై యంత్రపు మొత్తం చిత్రం 2016లో వచ్చింది.

ఇప్పుడు అందరూ అంగీకరించే చిత్రం ఇది. ‘ఏ’ ఉపభాగంలో రెండు సగం దారులు ఉన్నాయి. ఒకటి వెలుపలికి, ఒకటి లోపలికి తెరుచుకుంటుంది. ఏ ఒక్కటీ పొరను పూర్తిగా దాటదు. వెలుపలి నుంచి వచ్చిన ప్రోటాన్ సీ ఉపభాగపు ఆస్పార్టిక్ ఆమ్లం మీద ఎక్కి, వలయంతో పాటు దాదాపు పూర్తి చుట్టు తిరిగి, రెండో దారి దగ్గర దిగి లోపలికి వెళుతుంది. ఆర్జినిన్ ఆ రెండు దారుల మధ్య నిలబడి, ప్రోటాన్ ఒక దారి నుంచి మరోదానికి నేరుగా జారిపోకుండా అడ్డుకుంటుంది. గామా ఇరుసు తిరుగుతుందన్న నమ్మకానికి ప్రత్యక్ష సాక్ష్యం 1997లోనే లభించింది. వేడి నీటిలో బతికే ఒక బాసిల్లస్ ఎంజైమ్ జన్యువుల్లో మార్పులు చేసి, ఆ ఎంజైమ్‌ను గాజు పలక మీద అతికించి, గామాకు ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువును కట్టి, ఏటీపీ ఇచ్చినప్పుడు ఆ తంతువు తిరగడం జపాన్ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూశారు. వాకర్‌తో పాటు ఈ తిరుగుడు భావనను ప్రతిపాదించిన పాల్ బోయర్‌కూ ఆ ఏడాదే నోబెల్ బహుమతి వచ్చింది.

వలయంలో సీ ఉపభాగాలు ఎన్ని ఉండాలన్నది అన్ని బాక్టీరియాల్లో ఒకటి కాదు. ఈ. కోలైలో పది, మైకోబాక్టీరియాలో తొమ్మిది, సోడియం మీద నడిచే ఇల్యోబాక్టర్ టార్టారికస్‌లో పదకొండు, క్షారజలాల్లో పెరిగే బాసిల్లస్ సూడోఫర్మస్‌లో పదమూడు, స్పిరులినా ప్లాటెన్సిస్‌లో పదిహేను. ఒక చుట్టుకు వలయంలో ఎన్ని ఉపభాగాలున్నాయో అన్ని అయాన్లు దాటుతాయి, వచ్చేవి మాత్రం మూడు ఏటీపీలే. కాబట్టి మైకోబాక్టీరియంకు ఒక ఏటీపీకి మూడు ప్రోటాన్లు చాలు. స్పిరులినాకు ఐదు కావాలి. ఇది వృథా అనిపించవచ్చు గానీ, ఒక్కొక్క ప్రోటాన్ వెనుక ఉన్న ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ ప్రోటాన్లను కలిపి వాడుకోవడమే ఉపాయం. క్షారజలాల్లో వెలుపల ప్రోటాన్ల గాఢత తక్కువ కాబట్టి అక్కడి బాక్టీరియాకు పెద్ద వలయం అక్కరకొస్తుంది.

ఈ సంఖ్యను ఏది నిర్ణయిస్తుంది? మామూలుగా సీ ఉపభాగపు మొదటి హెలిక్స్‌లో ఒక స్థానం విడిచి ఒక స్థానంలో గ్లైసిన్లు ఉంటాయి; గ్లైసిన్‌కు పక్క గొలుసు లేనందున హెలిక్స్‌లు దగ్గరగా ఒదుగుతాయి. బాసిల్లస్ సూడోఫర్మస్‌లో అదే చోట్ల అలనిన్లు ఉన్నాయి. 2013లో ఆ అలనిన్లలో కొన్నిటిని గ్లైసిన్లుగా మార్చినప్పుడు వలయం పదమూడు నుంచి పన్నెండుకు తగ్గింది; అధిక క్షారతలో, ఆహారం పరిమితంగా ఉన్నప్పుడు ఆ కణాల పెరుగుదల గణనీయంగా పడిపోయింది. ఒక జన్యువులో చేసిన ఇంత చిన్న మార్పు ఒక జీవి శక్తి లెక్కలనే మార్చేయడం ఈ రంగంలో వచ్చిన ఫలితాలన్నిటిలో అత్యంత స్పష్టమైనదని చెప్పవచ్చు. నిర్మాణం, జన్యువు, జీవి బతికే పరిసరం మూడూ ఒకే ప్రయోగంలో కలిసి కనబడతాయి.

సోడియం మీద నడిచే రకానికి ప్రత్యేక ప్రస్తావన అవసరం. ఆక్సిజన్ లేని బురదలో బతికే ప్రొపియోనిజీనియం మోడెస్టం అనే బాక్టీరియం సక్సినేట్‌ను ప్రొపియోనేట్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టి బతుకుతుంది. ఆ చర్యలో ఒక మోల్‌కు వచ్చేది సుమారు 20 కిలోజౌళ్లు మాత్రమే. ఒక ఏటీపీ తయారీకి అది ఏమాత్రం చాలదు. పొరలోని ఒక డీకార్బాక్సిలేజ్ ఎంజైమ్ ప్రతి చర్యలోనూ సోడియం అయాన్లను బయటికి నెడుతుంది. అనేక చర్యల్లో అలా పోగైన సోడియం తేడాతో ఏటీపీ సింథేజ్ నడుస్తుంది. పొర లేకపోతే ఈ చిన్న మొత్తాలను కూడబెట్టే మార్గమే ఉండదు. దీని సీ ఉపభాగంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు 65వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంది. దాని చుట్టూ 32వ స్థానపు గ్లుటమిన్, 66వ స్థానపు సెరిన్ చేరి సోడియంను పట్టుకునే గూడును కడతాయి. సోడియం లేనప్పుడు ఇదే యంత్రం ప్రోటాన్లను కూడా దాటిస్తుంది. ప్రోటాన్‌ను పట్టుకోవడానికి ఒక కార్బాక్సిల్ సమూహం చాలు. సోడియంకు దాని చుట్టూ అదనపు ఆక్సిజన్ పరమాణువులు కావాలి. 2005లో వచ్చిన ఇల్యోబాక్టర్ టార్టారికస్ సీ వలయపు స్ఫటిక నిర్మాణం, ఉత్పరివర్తనాలు అంతకుముందే సూచించిన ఈ గూడును కళ్లకు కట్టింది.

అన్ని అయాన్ పంపులూ తిరగవు. ఈ. కోలై పొటాషియం పంపు కేడీపీ అందుకు ఉదాహరణ. వెలుపల పొటాషియం బాగా తగ్గిపోయినప్పుడు దాని ఆపెరాన్ మేల్కొంటుంది. పొరలోని కేడీపీ-డీ అనే సెన్సర్ ప్రోటీన్, కేడీపీ-ఈ అనే నియంత్రక ప్రోటీన్ ఆ పని చూస్తాయి. ఆపెరాన్‌లోని నాలుగు జన్యువుల్లో ఒకటి ఏటీపీని ఖర్చు చేసే కేడీపీ-బీని ఇస్తుంది; ఇది మన కణాల్లోని సోడియం-పొటాషియం పంపు కుటుంబానికే చెందినది. మరొకటి ఇచ్చే కేడీపీ-ఏ మాత్రం పొటాషియం చానళ్ల కుటుంబానికి బంధువు. చానల్ అంటే అయాన్‌ను దాని ఒత్తిడి దిశలోనే పోనిచ్చే ద్వారం. పంపు అంటే ఒత్తిడికి ఎదురుగా నెట్టేది. రెండు వేర్వేరు వంశాల ప్రోటీన్లు ఒకే ఆపెరాన్‌లో పక్కపక్కన చేరి ఒక కొత్త పంపుగా ఏర్పడడం పరిణామంలో ఎంతో విశేషమైన విషయం.

వోల్ఫ్‌గాంగ్ ఎప్‌స్టీన్ ప్రయోగశాల సంవత్సరాల తరబడి వేరు చేసిన కేడీపీ ఉత్పరివర్తనాల్లో ఒకటి కేడీపీ-ఏలోని 116వ గ్లుటమిన్‌ను ఆర్జినిన్‌గా మార్చేది. అది పొటాషియంతో బంధాన్ని మైక్రోమోలార్ స్థాయి నుంచి మిల్లీమోలార్ స్థాయికి, అంటే వెయ్యి రెట్ల స్థాయిలో, సడలిస్తుంది. 2017లో మొదటి స్ఫటిక నిర్మాణం ఈ ఉత్పరివర్తిత రూపానికే లభించింది. 116వ స్థానం అయాన్‌ను ఎంచుకునే వడపోత దగ్గరే ఉందని అది చూపింది. అదే నిర్మాణంలో కేడీపీ-ఏ నుంచి కేడీపీ-బీ వరకు సుమారు 40 ఆంగ్‌స్ట్రామ్‌ల (4 నానోమీటర్ల) సొరంగం కనబడింది. ఎవరూ ఊహించని మరో సంగతి కూడా బయటపడింది: కేడీపీ-బీ 162వ స్థానంలోని సెరిన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుని ఉంది. అది ఎంజైమ్‌ను ఆపే గుర్తు అని, వెలుపల పొటాషియం మళ్లీ పెరిగినప్పుడు పంపును మూసేయడానికి కణం దాన్ని వాడుకుంటుందని 2020లో తేలింది. ఈసారి నిర్మాణమే ముందు నడిచి, జన్యుశాస్త్రానికి ప్రశ్న ఇచ్చింది. పొటాషియం ఆ సొరంగం గుండా కేడీపీ-బీకి వెళ్లి అక్కడి నుంచి లోపలికి దిగుతుందా, లేక కేడీపీ-ఏ గుండానే నేరుగా పోతుందా అన్న వాదం కొన్నేళ్లు సాగింది. తర్వాతి క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాలు సొరంగం వైపే మొగ్గాయి.

ఈ జ్ఞానం వైద్యానికి ఎంత దగ్గరగా ఉందో క్షయ మందు బెడాక్విలిన్ చూపుతుంది. ఈ మందును లక్ష్యం తెలియకుండానే, మైకోబాక్టీరియా పెరుగుదలను ఆపుతుందన్న ఆధారంతో ఎంచుకున్నారు. దాన్ని తట్టుకుని పెరిగిన కణాల జన్యు పటాలను మొత్తంగా చదివినప్పుడు, వాటన్నిటిలో ఉమ్మడిగా మారినది సీ ఉపభాగపు జన్యువు ఒక్కటేనని కనిపించింది. 2005లో ఆ ఫలితం వెలువడింది. లక్ష్యాన్ని కనిపెట్టినది జన్యుశాస్త్రమే. 2012 డిసెంబరులో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. మందు సీ వలయపు గ్లుటామిక్ ఆమ్లం దగ్గర అతుక్కుంటుందని 2015లో మైకోబాక్టీరియం ఫ్లీ వలయపు నిర్మాణం చూపింది. ‘ఏ’ ఉపభాగమూ సీ వలయమూ కలిసే చోట అది మరింత బిగువుగా పట్టుకుని తిరుగుడును అడ్డుకుంటుందని 2021లో పూర్తి ఎంజైమ్ చిత్రం చూపింది.

రోగుల్లో కనిపించే నిరోధకత మాత్రం ఎక్కువగా ఈ జన్యువు నుంచి రావడం లేదు. మందును బయటికి తోసే ఎంఎంపీఎల్5 అనే పంపును అదుపులో ఉంచే మరో జన్యువు దెబ్బతిన్నప్పుడు ఆ పంపు విపరీతంగా తయారవుతుంది. అది నడిచేదీ ప్రోటాన్ల తేడా మీదే. సీ ఉపభాగంలో మార్పు వస్తే బాక్టీరియం తన ప్రధాన యంత్రానికే నష్టం కలిగించుకోవాల్సి రావచ్చు. నియంత్రక జన్యువు పాడైతే అంత నష్టం లేదు. అందుకే బెడాక్విలిన్ నిరోధకతను పసిగట్టే జన్యు పరీక్షలు మందు అతుక్కునే చోటును మాత్రమే వెతికితే చాలదు. నిర్మాణ చిత్రంలో ఎక్కడా కనబడని ఆ నియంత్రక జన్యువునూ చదవాల్సి ఉంటుంది.